కార్తీకంలో ఉసిరి వద్దంటే...

దీపావళి టపాకాయల వాసన వీధిలో ఇంకా పూర్తిగా పోదు, అంతలోనే ఇంట్లోకి ఉసిరికాయ వచ్చేస్తుంది. పొద్దున దేవుడి దగ్గర ఉసిరి దీపం. మధ్యాహ్నం అన్నంలోకి ఉసిరి తొక్కు. పప్పులో ఉసిరి, పులిహోరలో ఉసిరి. పక్కింటావిడ పలకరించడానికి వస్తూ కొంగున నాలుగు కాయలు కట్టుకొస్తుంది. మనమేమైనా తక్కువా? గిన్నెలో పచ్చడి పెట్టి పంపిస్తాం.

సంగం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో ఈ సందడి కాస్త ఎక్కువే. పడమటి వైపున వెలిగొండలు ఉన్నాయి. అడవిలో ఉసిరి చెట్టుకి ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు. కాయ చిన్నది, పీచు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ. "కొండ ఉసిరి రుచి తోట ఉసిరికి ఎక్కడిది?" అంటారు దాన్ని ఇష్టపడేవాళ్లు. ఆ రుచే మాకు వద్దు మొర్రో అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట పండగ నెలలో ఎవరికీ వినపడదు. నేను వాళ్లలో ఒకదాన్ని కాబట్టి ఈసారి ఆ పక్షాన రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఉసిరి మంచిది కాదని నేను అనడం లేదు. తినేవాళ్లను మానమని చెప్పడం లేదు. నేను అడిగేది ఒక్కటే. నోటికి పడనివాళ్లని, ముఖ్యంగా ఇంట్లో వండిపెట్టే ఆడమనిషిని, "పడదు" అన్న ఆ ఒక్క మాటతో వదిలెయ్యవచ్చు కదా?

నెల్లి ఊరు

ఈ జిల్లాలో పుట్టి ఉసిరి వద్దనడం ఒక రకంగా ఊరి పేరునే కాదనడం. తమిళంలో ఉసిరిని "నెల్లి" అంటారు. ముక్కంటి రెడ్డి అనే ఆయనకు నెల్లి చెట్టు కింద శివలింగం కనిపించిందనీ, ఆయన అక్కడే గుడి కట్టించాడనీ, అదే నెల్లూరు మూలాపేటలోని మూలస్థానేశ్వరస్వామి ఆలయమనీ స్థలపురాణం చెబుతుంది. ఆ నెల్లి వల్లే నెల్లి ఊరు, నెల్లూరు అయిందట. అంతకుముందు దాని పేరు విక్రమ సింహపురి.

అయితే ఇంకో వాదం కూడా ఉంది. తమిళంలోనే "నెల్" అంటే వరి. పెన్న ఒడ్డున వరి పండే ఊరు కాబట్టి నెల్లూరు అయిందంటారు. మొలగొలుకుల బియ్యం పేరు తెలియని ఇల్లు ఈ జిల్లాలో ఉండదు కదా! పండితులు ఏది ఖాయం చేస్తారో గానీ, నావరకు నేను వరి పక్షాన ఉంటాను. అన్నం అంటే నాకు ఎప్పుడూ పేచీ లేదు.

ఇక సంగం సంగతి. బొగ్గేరు, బీరాపేరు వచ్చి పెన్నలో కలిసే చోటు. సంగమేశ్వరస్వామి గుడి ఏటి ఒడ్డునే. కార్తీక సోమవారం తెల్లవారుజామున ఏట్లో మునిగి, తడిచీరతో దీపం వదిలి, గుడి చుట్టూ తిరిగే ఆడవాళ్లని చూస్తే ఎవరికైనా చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంకా పడమటికి వెళితే ఘటిక సిద్ధేశ్వరం ఉంది, భైరవకోన ఉంది. ఈ నెలంతా ఎక్కడో ఒకచోట చెట్ల కింద వనభోజనాలు. చేపల పులుసుకి పేరుబడ్డ జిల్లాలో చాలా ఇళ్లవాళ్లు ఈ ముప్పై రోజులూ చేప ముట్టరు. కంచంలో చేప ఖాళీ చేసిన చోటుని ఉసిరి వచ్చి ఆక్రమిస్తుంది. తప్పించుకునే దారి లేదు.

"పడకపోవడమేందమ్మా?"

కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు ఉందనుకోండి. మొదటి కార్తీకం. కంచంలో ఉసిరి తొక్కు వేశారు. ఆ అమ్మాయి పక్కకి జరిపింది. అంతే!

"అమ్మణ్ణీ, ఆ పచ్చడి కలుపుకోలేదే?"

"వద్దులే అత్తా. నాకు పడదు."

"పడకపోవడమేందమ్మా? అమృతమైతేను! కార్తీకంలో ఉసిరికాయ వద్దనకూడదు. ఒక్క ముద్దన్నా తిను."

ఆ అత్తగారు చెడ్డమనిషేం కాదు. కోడలికి మంచి జరగాలనే ఆమె తాపత్రయం. ఆ ఒక్క ముద్ద మింగితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని కోడలికీ తెలుసు. కళ్లు మూసుకుని మింగేస్తుంది. మరుసటి రోజు మళ్లీ అదే. మూడో ఏటికి "మా కోడలికి ఉసిరి తొక్కంటే ప్రాణం" అని చుట్టాలతో చెప్పడం మొదలవుతుంది. వాళ్లు వచ్చేటప్పుడు జాడీ నిండా తెస్తారు!

మీకు నవ్వు వస్తోంది కదూ? కానీ ఇదే ఇంట్లో ఇంకో సంగతి చూడండి. ఆ ఇంటి అబ్బాయికి వంకాయ పడదు. చిన్నప్పుడు ఒకసారి తిని దద్దుర్లు వచ్చాయో, లేక ఊరికే మొహం చిట్లించాడో, ఎవరికీ సరిగ్గా గుర్తు కూడా లేదు. ముప్పై ఏళ్లయినా అమ్మకి మాత్రం గుర్తుంది. గుత్తివంకాయ చేసిన రోజు అతని కోసం విడిగా బంగాళాదుంప వేపుడు ఉంటుంది. పెద్దాయనకి మెంతికూర చేదు గిట్టదు, ఆయనకి వేరే పప్పు. చిన్నబ్బాయి సాంబారులో ములక్కాడ తీసేస్తాడు, వాడికి తీసి పెడతారు. పెళ్లి చూపులప్పుడే "మావాడికి పులుపు ఎక్కువ ఉండకూడదమ్మా" అని కోడలికి చెప్పి ఉంచుతారు. మంచిదే. తినేవాడి నోరు తెలుసుకుని వండడం కన్నా వంటలో గొప్ప విద్య ఏముంది?

మరి వండే మనిషి నోరు ఎవరు తెలుసుకున్నారు? మీ ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. ఈ రాత్రి అన్నాల దగ్గర "నాకు నచ్చని కూర ఏది?" అని అడగండి. మీవారు తలెత్తి చూస్తారు. పిల్లలు "నీకు నచ్చనివి కూడా ఉన్నాయా అమ్మా?" అంటారు. అమ్మకి ఇష్టం లేనివి ఇంట్లో వండరు కాబట్టి ఎవరికీ తెలియదని ఒకాయన చమత్కారంగా అన్నారు. నిజం దానికి తిరగేసి ఉంటుంది. మనం అన్నీ వండుతాం, మిగిలింది తింటాం. మిగిలింది ఏమిటో దాన్నే ఇష్టం అనుకుంటారు.

మామూలు రోజుల్లో ఇదేమంత పెద్ద విషయం కాదు. వంకాయ నచ్చకపోతే చారు పోసుకుని లేచిపోవచ్చు. ఉసిరి దగ్గర అలా కుదరదు. ఎందుకంటే దాని వెనక పుణ్యం ఉంది, ఆరోగ్యం ఉంది, ఇంటి ఆచారం ఉంది. ముగ్గురూ ఒకేసారి వచ్చి కూర్చుంటారు కంచం ముందు. ఒక్కదాని నోరు ముగ్గురిని ఎదిరించగలదా?

ఎక్కడున్నా ఈ గొడవే

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు. ప్రతి దేశంలోనూ ఒక్కో రుతువుకి ఒక రుచి పెత్తనం చేస్తుంది. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన ఆడపిల్లలని అడిగి చూడండి. అక్కడ ఆకులు రాలే కాలం వస్తోందంటే చాలు, కాఫీ నుంచి కేకు దాకా, చివరికి కొవ్వొత్తుల దాకా ఒకే వాసన. దానికి గుమ్మడి మసాలా అని పేరు. దాల్చినచెక్క, అల్లం, జాజికాయ, లవంగం కలిపిన పొడి అది. గుమ్మడికాయతో చేసే తీపి వంటకంలో వేసే మసాలా కాబట్టి ఆ పేరు. స్టార్‌బక్స్ వాళ్లు 2003లో దాన్ని కాఫీలో పెట్టినప్పటి నుంచి ఆ మోజు మరీ పెరిగింది. తమాషా ఏమిటంటే, ఆ కాఫీలో అసలు గుమ్మడికాయ వెయ్యడం 2015లోనే మొదలైంది! అక్కడా ఆ వాసన గిట్టనివాళ్లు బోలెడుమంది. "అందరికీ ఇష్టమైనది నీకెందుకు ఇష్టం లేదు?" అన్న ప్రశ్న వాళ్లకీ తప్పదు.

అయితే వాళ్లకి ఒక సుఖం ఉంది. ఆ కాఫీ తాగకపోతే పాపం తగులుతుందని ఎవరూ అనరు.

వగరు అసలు రుచేనా?

ఆయుర్వేదంలో ఆరు రుచులు చెబుతారు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. వీటిలో ఉప్పు తప్ప మిగతా ఐదూ ఉసిరిలో ఉన్నాయంటారు. మనం ఉప్పేసి ఊరబెడతాం కాబట్టి ఆరోదీ వచ్చి చేరుతుంది. ఆ లెక్కన ఉసిరి తొక్కు సంపూర్ణ భోజనం!

నాలాంటి వాళ్లకి చిక్కు ఆ పులుపుతో కాదు. చింతకాయ తింటాం, మామిడికాయ తింటాం, నిమ్మకాయ లేనిదే పూట గడవదు. చిక్కంతా వగరుతోనే. ఉసిరిలో టానిన్లు అనే పదార్థాలు చాలా ఉంటాయి. మన లాలాజలంలో కొన్ని మాంసకృత్తులు ఉండి నోటిని జారుడుగా, తడిగా ఉంచుతాయి. టానిన్లు వెళ్లి వాటిని పట్టుకుని ముద్దగా చేసేస్తాయి. జారుడుతనం పోతుంది. నాలుక గరుకుగా, బుగ్గలు లోపలికి లాక్కుపోయినట్టు, పళ్ల మీద ఏదో పట్టినట్టు అనిపిస్తుంది. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడుపళ్లు తిన్నా, చిక్కటి డికాక్షన్ పాలు లేకుండా తాగినా ఇదే. అంటే వగరు చాలావరకు నాలుకకి తగిలే స్పర్శ. కొందరికి ఆ స్పర్శ హాయిగా ఉంటుంది. ఇంకొందరికి గోటితో పలక గీకినట్టు ఒళ్లు జలదరిస్తుంది. పలక గీకితే చెవులు మూసుకునే పిల్లని "పొగరు" అని ఎవరైనా అంటారా?

చేదు విషయంలో ఈ తేడాలు ఇంకా స్పష్టంగా బయటపడ్డాయి. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడి తయారుచేస్తుంటే అది గాలికి లేచింది. పక్కనున్నాయన "అబ్బ, ఎంత చేదు!" అన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. తర్వాత చాలామందికి రుచి చూపిస్తే కొందరికి చేదు, కొందరికి ఏమీ లేదు. అది పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వచ్చే తేడా అని తేలింది. ఒకే కాకరకాయ కూర అక్కకి కమ్మగా, చెల్లెలికి విషంలా ఉందంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

కడుపుతో ఉన్నప్పుడు నోరు మారిపోవడం మనందరికీ తెలిసిందే. అంతకుముందు ఎగబడి తిన్నది కూడా వాసన చూస్తే వాంతి వస్తుంది. అప్పుడు మాత్రం "పాపం, పిల్లకి పడటంలేదు" అని అందరూ ఒప్పుకుంటారు. కడుపులో బిడ్డ ఉంటేనే ఆడదాని నాలుకకి విలువ అన్నమాట!

ఉసిరి తిని నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. ఇది నిజం, నేనూ ఒప్పుకుంటాను. పెద్దల మాటా ఉసిరికాయా ముందు చేదుగా ఉండి తర్వాత తియ్యగా ఉంటాయని తమిళంలో సామెత కూడా ఉంది. కానీ తియ్యటి నీళ్ల కోసం అయితే చెంబులో బెల్లం ముక్క వేసుకోవచ్చు కదండీ!

పుణ్యం లెక్క

ఇప్పుడు అసలైన భయం దగ్గరికి వద్దాం. కార్తీకంలో ఉసిరి తినకపోతే దోషమా?

మన ఆచారాలని ఒక్కొక్కటే విప్పి చూడండి. ఉసిరి చెట్టుకి పూజ చేస్తాం. దాని నీడలో వనభోజనం చేస్తాం. కాయ తొడిమ దగ్గర చెక్కి, కాస్త గుజ్జు తీసి, నెయ్యి పోసి, వత్తి వేసి దీపం వెలిగిస్తాం. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి ఇద్దరికీ పెళ్లి చేస్తాం. చెట్టు, నీడ, కాయ, కొమ్మ, అన్నీ వచ్చాయి. వీటిలో దేనికీ మన నాలుకతో పని లేదు. చేతులతో, మనసుతో చేసే పనులే అన్నీ. తినే ఆచారం కూడా ఉంది, లేదనను. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్లు ద్వాదశినాడు ఉసిరి తినడం చాలా ఇళ్లలో ఉంది. అలాంటప్పుడు తప్పదనుకుంటే ఆవగింజంత నాలుకకి తాకించుకుని కళ్లకద్దుకోవచ్చు. దేవుడు తూకం వేసి చూడడు.

ఇంకో సంగతి. ఆదివారం ఉసిరి తినకూడదని, రాత్రిపూట ఉసిరి పచ్చడి వేసుకోకూడదని చెప్పింది కూడా ఆ పెద్దలే. "రాత్రిళ్లు దాని పేరు కూడా ఎత్తకు" అనే అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. అంటే నెలలో నాలుగైదు ఆదివారాలు, ముప్పై రాత్రులు ఉసిరి లేకుండానే పుణ్యం సాగుతోంది. నాలాంటి వాళ్లు మిగిలిన పగళ్లు కూడా కలుపుకుంటే ఏం మునిగిపోతుంది?

ఆదిశంకరుల కథ అందరికీ తెలుసు. బాలుడిగా భిక్షకి వెళితే ఒక పేదరాలు ఇంట్లో ఏమీ లేక, ఉన్న ఒక్క ఉసిరికాయనీ జోలెలో వేసింది. ఆయన కరిగిపోయి కనకధారా స్తోత్రం చదివితే లక్ష్మీదేవి బంగారు ఉసిరికాయలు కురిపించిందంటారు. ఆ కథలో ఐశ్వర్యం వచ్చింది ఉసిరి తిన్నావిడకి కాదు, పెట్టినావిడకి. కాబట్టి వచ్చిన ముత్తైదువలకి తాంబూలంలో ఉసిరికాయ పెట్టి పంపండి. నా పద్ధతి అదే. ఇంట్లో కాయలూ తగ్గుతాయి, పుణ్యమూ వస్తుంది.

సి విటమిన్ లెక్క

పుణ్యం అయ్యాక ఆరోగ్యం వస్తుంది. "సి విటమిన్ అంతా దాంట్లోనే ఉంది" అంటారు. ఉసిరిలో చాలా ఉన్న మాట వాస్తవం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో నూరు గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాములు అని ఉండేది. అదే సంస్థ 2017లో ప్రచురించిన కొత్త పట్టికల్లో అది సుమారు 250 అని వచ్చింది. తగ్గినా గొప్పే. కానీ ఆ పట్టికల్లోనే కాస్త కిందికి చూడండి. జామకాయ ఉంది. దాంట్లో 200కి పైనే!

మరి మనకి రోజుకి ఎంత కావాలి? 2020లో భారత వైద్య పరిశోధన మండలి, పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన సిఫారసు ప్రకారం ఆడవాళ్లకి రోజుకి 65 మిల్లీగ్రాములు. పాలిచ్చే తల్లులకి 115. మధ్యరకం జామకాయ ఒకటి తింటే ఆ లెక్క తీరిపోయి ఇంకా మిగులుతుంది. జామకాయలు కూడా ఈ రోజుల్లోనే బుట్టల్లో వస్తాయి. ఉప్పూ కారం చల్లుకుని తింటే పిల్లలు వద్దనరు. ఇక నిమ్మకాయకైతే మనం దూరం వెళ్లనక్కర్లేదు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకి పెట్టింది పేరు. ఉసిరంత కాకపోయినా నిమ్మలోనూ సి విటమిన్ ఉంది. అన్నంలో రోజూ కాస్త పిండుకుంటే పప్పులోని, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం తక్కువగా ఉండే మన ఆడవాళ్లకి అది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఈమధ్య పరగడుపున ఉసిరి రసం తాగే అలవాటు ఊరూరా వచ్చింది. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లకి అంత పులుపు ఖాళీ కడుపున పడితే బాధ ఎక్కువ కావచ్చు. చక్కెర జబ్బుకి మందులు వాడేవాళ్లు, రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు రోజూ గ్లాసులకి గ్లాసులు తాగేముందు డాక్టరుని అడగడం మంచిది. "సహజమైనదే కదా" అని ఊరుకోకండి. ఇక ఉసిరి మురబ్బాలు, క్యాండీలు. వాటిలో వగరు తగ్గడానికి కారణం చక్కెర. అది గుర్తుంచుకుని తినండి, అంతే.

ఉప్పు చూసేదెవరు?

తినకపోయినా పెట్టక తప్పదు. ఇంటి నిండా ఇష్టపడేవాళ్లు ఉన్నప్పుడు నాకు పడదని పచ్చడి మానేస్తే అది ఇంకో రకం దౌర్జన్యం అవుతుంది. ఇక్కడే వస్తుంది అసలు ఇబ్బంది. రుచి చూడలేని పచ్చడికి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలియాలి? బాగుందో లేదో తెలియని దాన్ని నలుగురికి ఎలా వడ్డించాలి?

దీనికి మందు కొలత. "చేతి కొలది" అనే మాట ఉసిరి దగ్గర వదిలేయండి. కిలో కాయలకి రెండువందల గ్రాముల కల్లుప్పు, ఒక చెంచా పసుపు. ముందు కాయలు కడిగి, బట్టమీద ఆరబెట్టి, చెమ్మ లేకుండా తుడవాలి. మన జిల్లాలో ఇది మరీ ముఖ్యం. మిగతా చోట్ల వానలు వెళ్లిపోయే కాలంలో మనకి మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా కార్తీకంలోనే ముసురు పట్టిస్తాయి. ఎండ మీద నమ్మకం పెట్టుకోకుండా ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచితే సరిపోతుంది. తర్వాత రోట్లో వేసి కచ్చాపచ్చాగా తొక్కి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టి బట్ట కట్టాలి. మూడోరోజు తీసి గింజలు ఏరేసి, మళ్లీ మెత్తగా నూరి జాడీకి ఎత్తుకోవాలి. కావలసినప్పుడల్లా కొంచెం తీసి, వేయించిన ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ నూరి కలిపి తిరగవాత పెట్టుకోవడమే.

ఇనుప కత్తి, ఇనుప బాండలి వాడితే ఉసిరి నల్లబడుతుంది. టానిన్లకి ఇనుము తగలగానే జరిగే పని అది. గోరింటాకు ఇనుప మూకుడులో కలిపి, ఉసిరిపొడి వేసి జుట్టుకి పెట్టుకుంటామే, ఆ నలుపు రహస్యం కూడా ఇదే. జుట్టుకి మంచిదే గానీ పచ్చడికి అక్కర్లేదు కదా! అందుకని జాడీ పింగాణీది, గరిటె చెక్కది. చెక్క గరిటె అంటే మనకి వెతుకులాట లేదు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. చేత్తో చెక్కినవి. ఈసారి అటువైపు వెళ్లినప్పుడు పచ్చడి కోసం ఒకటి విడిగా కొనుక్కుని, నీళ్లు తగలనివ్వకుండా దాచుకోండి.

కొలత కుదిరినా నాలుక సాక్ష్యం కావాల్సిందే. దానికి అత్తగారినే పిలవండి. "అత్తా, నాకు ఈ రుచి తెలవదు, ఉప్పు నువ్వే చూసి చెప్పు" అంటే ఏ అత్తగారికి సంతోషం కాదు? రుచి చూసే పెత్తనం ఆమెకి దక్కింది, తినే బాధ మీకు తప్పింది. అత్తగారు దగ్గర లేకపోతే ఆడపడుచో, పదేళ్ల కూతురో చూస్తారు. పిల్లలకి ఉప్పు చూడటం నేర్పడానికి కూడా ఇదే సమయం. మగపిల్లలకి కూడా అని వేరే రాయాలా?

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పిల్లలు పెద్దవాళ్ల కన్నా చేదు, వగరు ఎక్కువగా వద్దంటారు. మొదటిసారి ఉమ్మేశారని "వీడికి ఉసిరి పడదు" అని ముద్ర వేసేయనూ వద్దు, ముక్కు మూసి మింగించనూ వద్దు. కొద్దికొద్దిగా, పదిసార్లు, ఒత్తిడి లేకుండా కంచంలో ఓ మూల పెడుతూ ఉంటే చాలామంది అలవాటు పడతారు. అప్పటికీ వద్దంటే అది వాళ్ల నాలుక. ముక్కు మూసి మింగించిన ముద్ద నలభై ఏళ్లయినా గొంతులోనే ఉంటుంది.

రెండు గిన్నెల పెరుగు పచ్చడి

వగరు తగ్గించడానికి వంటింట్లో ఉన్న మంచి ఉపాయం పెరుగు. టానిన్లు పట్టుకోవడానికి మాంసకృత్తులు వెతుక్కుంటాయని చెప్పుకున్నాం కదా. పెరుగులో అవి దండిగా ఉన్నాయి. గిన్నెలోనే వాటిని పట్టుకుంటే, నోట్లోకి వచ్చేసరికి జోరు తగ్గుతుంది. టీలో పాలు పోస్తే వగరు తగ్గేది కూడా ఇందుకే. సగం ఇష్టం, సగం అయిష్టంగా ఉండేవాళ్లకి ఈ పచ్చడి సరిపోతుంది. బొత్తిగా పడనివాళ్లకి అదే తిరగవాతతో రెండో గిన్నె.

పెద్ద ఉసిరికాయలు ఆరు తీసుకుని ఇడ్లీపాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు ఉంచండి. తొనలు వాటంతటవే విడిపోతాయి. గింజలు తీసేసి, అరచిప్ప కొబ్బరి కోరు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క, అరచెంచా జీలకర్ర, తగినంత ఉప్పు వేసి నూరండి. బాగా చల్లారాకే రెండు గ్లాసుల కమ్మటి గట్టిపెరుగులో కలపండి. వేడిమీద కలిపితే పెరుగు విరుగుతుంది. పుల్లటి పెరుగు దీనికి పనికిరాదు.

రెండో గిన్నెకి దోరజామకాయలు రెండు. పండినవి వద్దు. గింజలున్న నడిమి భాగం తీసేసి, ముక్కలు చేసి, చెంచా నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గబెట్టండి. కొబ్బరి తప్ప మిగతా దినుసులన్నీ అవే. కచ్చాపచ్చాగా నూరి, చల్లారాక ఒక గ్లాసు పెరుగులో కలిపి, చివర్లో అరచెక్క నిమ్మరసం పిండండి.

తిరగవాత ఒక్కసారే పెట్టుకోవచ్చు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు. వేగాక సగం ఒక గిన్నెలో, సగం ఇంకో గిన్నెలో వెయ్యండి. రెండూ చూడటానికి తెల్లగా ఒకేలా ఉంటాయి కాబట్టి వడ్డించేటప్పుడు తారుమారు కాకుండా ఉసిరి గిన్నె మీద ఒక తొన పైకి కనిపించేలా పెట్టండి. మధ్యాహ్నానికి చేసింది మధ్యాహ్నమే అయిపోవాలి. రాత్రికి జామకాయది ఉంచుకోవచ్చు గానీ పులిసిపోతుంది.